కుడి చెవి కమ్మ

జూన్ 8, ఆదివారం

మీ క్యామో సునంద. నా పేరు సునంద.
కోమె తి క్యామి? నీ పేరేమిటి?

నేర్చుకున్న మాటలు రోజూ రాసుకోవాలట. రాస్తేనే ఒంటబడతాయట. సింధూర చెప్పింది. శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతోంది, ఇల్లు మన్నెగూడలో, వాళ్ళ వాళ్ళది గోదావరి వైపు. పై చదువుకు ఇటలీ వెళ్దామని ఏడాదిగా ఆ భాష మీద పడింది. మా అరుణకుమారి మేడం ఈ పిల్లను ఎక్కడ పట్టుకొచ్చిందో గానీ, ఇక నుంచి ప్రతి ఆదివారం ఇబ్రహీంపట్నం వచ్చి నేను ఆయాగా పనిచేసే ఈ పిల్లల హోమ్‌లో సంతోషికి ఇటాలియన్ నేర్పుతుంది. సంతోషి నా కొంగు వదిలి కూర్చోదు. అందుకని నేనూ పక్కన కూర్చోవాలి. అంతే సంగతి. నలభై ఆరేళ్ళు వచ్చాక ఈ వింత భాష నేర్చుకోవాలని నాకేం మోజు?

"మీ క్యామో సునంద" అని నేను అనగానే సంతోషి పడీ పడీ నవ్వింది.

"సునంద ఎవలు? నీ పేరు అమ్మ గదా!"

"అమ్మ అని పేరుంటదానే పిచ్చిదానా?"

"ఉంటది. మీ క్యామో అమ్మ అను."

అన్నాను. అనకపోతే ఊరుకుంటుందా అది?

"పోనీలెండి ఆంటీ, వాక్యం కరెక్టే" అంది సింధూర.

జూన్ 9

రాయడానికి ఏమీ లేదు. రెండు మాటలూ గుర్తున్నాయి.

జూన్ 15, ఆదివారం

సంతోషిని దత్తత తీసుకోబోయేవాళ్ళు ఫోటోల ఆల్బమ్ పంపారు. ఆమె పేరు కియారా, ఆయన పావొలో. ఊరు ఫెర్రారా. ఆయన సైకిళ్ళు బాగుచేస్తాడట. ఆమె బడిలో వంట చేస్తుందట. నేనేదో దొరల్లాగా ఉంటారనుకున్నాను. హోమ్‌లో మన సుక్కమ్మ చేసే పనే చేస్తుంది ఆమె కూడా.

ప్రతి ఫోటో కింద పెద్ద అక్షరాలతో పేరు. కాజా అంటే ఇల్లు. సంతోషికి తినే కాజా గుర్తొచ్చి నోరూరింది, మిఠాయి ఇల్లు అని దానికి నమ్మకం. కానె అంటే కుక్క. లెత్తో అంటే మంచం. మంచం ఉన్న గదికి పసుపు రంగు వేయించారు. ఈ పిల్లకు పసుపు ఇష్టమని వాళ్ళకు ఎవరు చెప్పారో. మేడమే చెప్పి ఉంటుంది. ఆమెకు చెప్పింది నేనే.

చివరి పేజీలో వాళ్ళిద్దరే. కింద మమ్మా, పాపా. సింధూర మూడుసార్లు పలికించింది. సంతోషి చక్కగా అంది. నేను ఆ పేజీలో నోరు తెరవలేదు, గొంతు బాగోలేదు.

ఇదివరకు మన వాళ్ళే ముగ్గురు వచ్చి చూసిపోయారు. మూడుసార్లూ సంతోషి ఎడమ చెయ్యి చూశాక "ఆలోచించి చెప్తం" అన్నారు. ఆ చేతికి పుట్టుకతోనే రెండు వేళ్ళు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో అని ఆ మూడు రోజులూ నేను పాయసం చేయించాను. ఇవాళ సుక్కమ్మ బియ్యం ఏరుతూ అడిగింది.

"ఇప్పుడు గీళ్ళు ఆ రెండు వేళ్ళు జూసినంక గూడ కావాలన్నరు. ఇయ్యాల పాయసం జెయ్యమనవేందే?"

దాని నోటికి తాళం వెయ్యాలి.

జూన్ 22, ఆదివారం

ఓ ఫామె. నాకు ఆకలి.
ఓ సేతె. నాకు దాహం.
ఓ సొన్నో. నాకు నిద్ర వస్తోంది.
ఓ పవూరా. నాకు భయం.
అంకీఓ. నేను కూడా.

వాళ్ళ భాషలో ఆకలి "ఉంది" అంటారట, భయం కూడా "ఉంది" అంటారట, చేతిలో వస్తువు ఉన్నట్టు. సంతోషికి అంకీఓ బాగా నచ్చింది. సింధూర మంచినీళ్ళు తాగితే అంకీఓ. పక్కింటి మేక అరిస్తే అంకీఓ. నేను స్నానానికి వెళ్తుంటే తలుపు బయట నిలబడి అంకీఓ.

రాత్రి పడుకోబోతూ "అమ్మా, ఓ సొన్నో" అంది. అని నా చెవి పట్టుకుంది.

ఇది ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. ఉయ్యాల దిగిన నాటి నుంచీ ఆ పిల్లకు నా కుడి చెవి కావాలి. నా వైపు తిరిగి పడుకుని, ఎడమ చేతి రెండు వేళ్ళతో నా చెవి తమ్మె పట్టుకుంటేనే కన్ను మూస్తుంది. కమ్మ గుచ్చుకుని ఒకసారి వేలికి రక్తం వచ్చింది. ఆ రోజే ఆ కమ్మ తీసి డబ్బాలో పెట్టాను. ఒక్క చెవికే కమ్మ ఏందని మా ఊరివాళ్ళు అడిగితే ఒకటి పోయిందని చెప్తాను. మా ఆయన దేవేందర్ మా పెళ్ళప్పుడు చేయించిన కమ్మలు అవి. ఆయన ఉంటే తిట్టేవాడు. ఆయన పోయాకే కదా నేను ఈ హోమ్‌కు వచ్చింది.

జూలై 6, ఆదివారం

మొదటి వీడియో కాల్. మేడం ఆఫీసులో అందరం కూర్చున్నాం.

ఫోన్‌లో కియారా కనబడగానే చెయ్యి ఊపుతూ "చావ్ సాంతోషి! చావ్, చావ్!" అంది. వాకిట్లో ఉన్న సుక్కమ్మ చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో దీని నోట్ల మన్నువడ! ముందుగాల్నే చావుమంటదేందే పసిపిల్లను?"

అది పలకరింపని సింధూర చెప్పేసరికి మేడంకు నవ్వాగలేదు. సుక్కమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర నుంచి ఎండుమిరపకాయలు తెచ్చి సంతోషికి దిష్టి తీసి, ఫోన్‌కు కూడా ఒకసారి తిప్పింది. అటువైపు కియారా, పావొలో నోరు తెరుచుకుని చూశారు.

మా దగ్గర వెళ్ళేటప్పుడు కూడా పోతున్న అనకూడదు. పోయొస్త అనాలి. పాలపాకెట్లకు వెళ్ళినా, బడికి వెళ్ళినా, గేటు దాటేముందు పోయొస్త అనందే నేను పిల్లల్ని కదలనివ్వను. అవతలివాళ్ళకు ఈ పట్టింపులేవీ లేవు కాబోలు.

తర్వాత కియారా ఒక్కొక్కటే అడిగింది, సింధూర తెలుగులో చెప్పింది. ఏం తింటుంది? పప్పన్నం, బెండకాయ. దేనికి భయపడుతుంది? ఉరుములకు. నిద్ర ఎలా పోతుంది?

"పండుకోబెడితే పండుకుంటది" అన్నాను.

జూలై 7

నేను అబద్ధం చెప్పలేదు. పడుకోబెడితే పడుకుంటుంది కదా.

జూలై 20, ఆదివారం

సింధూర ముఖం బొమ్మ ఉన్న చార్టు తెచ్చింది. తెస్తా తల. ఓక్కి కళ్ళు. నాజో ముక్కు. బోక్కా నోరు. కపెల్లి జుట్టు.

చార్టు ఒకచోట చిరిగినట్టుంటే స్టిక్కర్ అంటించాను. పూల స్టిక్కర్, పెద్దది.

సంతోషి ఊరుకోదు కదా. నా చెవి లాగి "అమ్మా, గిదాన్ని ఏమంటరు?" అంది.

"గది తర్వాత నేర్సుకుందాం."

సింధూర నా వైపు చూసింది. చిన్నపిల్ల అయినా దానికి బుర్ర ఉంది. ఏమీ అనకుండా లెక్కల్లోకి వెళ్ళింది. ఊనో, దూఎ, త్రె, క్వాత్రో, చింక్వె. కుడి చెయ్యి అయిపోయింది. సెయి, సెత్తె. సంతోషి వేళ్ళన్నీ అయిపోయాయి. "అయిపోయినయ్" అంది. "ఇంకా ఉన్నాయమ్మా" అని సింధూర తన వేళ్ళు చూపించబోతే, సంతోషి నా చెయ్యి లాక్కుని మిగతావి నా వేళ్ళ మీద లెక్కపెట్టింది.

జూలై 21

తల, కళ్ళు, ముక్కు, నోరు, జుట్టు. ముఖమంతా వచ్చేసింది.

ఆగస్టు 3, ఆదివారం

వాళ్ళకు కుర్చీ ఆడది, పుస్తకం మగది. ఎవరు పెట్టారో ఈ తద్దినం. "నా కుర్చీ" అనాలంటే లా మియా సేదియా. ముందర ఆ "లా" తగిలించాలి. మరి "నా కూతురు" అనాలంటే? మియా ఫీల్యా. అక్కడ "లా" ఉండదు. అమ్మ, నాన్న, కూతురు అని సొంతవాళ్ళ గురించి చెప్పేటప్పుడు దాన్ని పెట్టరట.

"ఒక్కసారి మొత్తం వాక్యం అనండి ఆంటీ" అంది సింధూర.

మియా ఫీల్యా సి క్యామా సంతోషి. నా కూతురి పేరు సంతోషి.

పాఠం కాబట్టి అన్నాను. సాయంత్రం దాకా అదే నోట్లో తిరిగింది. బట్టలు ఆరేస్తూ అన్నాను. గిన్నెలు బోర్లిస్తూ అన్నాను. ఉచ్చారణ సరిగ్గా రావాలి కదా.

ఆగస్టు 5

అడిగాను.

మేడం ఫైళ్ళు సర్దుకుంటోంది. నిలబడే అడిగాను, కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, సంతోషిని నాకే ఇయ్యరాదా?" అన్నాను. ఇంకా చాలా అనుకుని వెళ్ళాను, అంతే వచ్చింది.

ఆమె కళ్ళజోడు తీసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"ఆరేళ్ళలో ఎప్పుడూ ఎందుకు అడగలేదు సునందా?"

ఎందుకంటే ఆ చెయ్యి చూసి ఎవరూ తీసుకుపోరనుకున్నాను. ఎప్పటికీ ఇక్కడే, నా పక్కనే ఉంటుందనుకున్నాను. అడగాల్సిన అవసరం ఏముంది అనుకున్నాను. ఇది మేడంతో ఎలా చెప్పను?

"ఫైలు చాలా దూరం పోయింది. ఇప్పుడు వాళ్ళదే. పైగా ఇంకోటి చెప్పాలి. పిల్ల నిన్ను అమ్మ అనడం మాన్పించు. ఆయమ్మ అనో, సునందమ్మ అనో పిలిపించు. రేపు వాళ్ళొచ్చాక దానికి అమ్మ ఒక్కరే ఉండాలి. లేకపోతే పిల్ల నలిగిపోతుంది."

సరే అన్నాను.

ఆగస్టు 12

"అమ్మ అనడం మాన్పించావా?" అని అడిగింది మేడం. మాన్పించిన అని చెప్పాను.

సెప్టెంబర్ 11

దత్తత ఆఫీసు నుంచి ఆఫీసర్ మేడం వచ్చి సంతోషిని విడిగా కూర్చోబెట్టి అడిగింది. నేను కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్నాను, మడతపెట్టినవే మళ్ళీ.

"ఇటలీ అమ్మానాన్నల దగ్గరికి పోవుడు ఇష్టమేనా బిడ్డా?"

"విమానంల తీస్కపోతరా?"

"అవ్, విమానంలనే."

"అయితే ఇష్టమే. అమ్మ గూడ వస్తది. అంకీఓ."

ఆ చివరి మాట ఆమెకు అర్థం కాలేదు. నవ్వి సంతకం పెట్టుకుంది. మా మీదుగా శంషాబాద్‌లో దిగే విమానాలు ఎన్ని పోతాయో, ప్రతిదానికీ చెయ్యి ఊపుతుంది ఆ పిల్ల. ఈ సాయంత్రం కూడా ఊపింది. నేను రాత్రి అన్నం తినలేదు.

అక్టోబర్ 13

వచ్చారు. పొడుగ్గా ఉంటారనుకున్నాను, కియారా నా అంతే ఉంది. పావొలో చేతులకు మన మెకానిక్‌ల చేతుల్లాగే గోళ్ళలో నలుపు.

సుక్కమ్మ ఎవరి మాటా వినలేదు. ఆడపిల్లను పంపేటప్పుడు అప్పగింతలు జరగాలంది. పెళ్ళి కాదు కదే అంటే "పెండ్లయితే మల్లొస్తది. గీ పోవుడుకు ఇంక గట్టిగ అప్పజెప్పాలె" అంది. ఇత్తడి గిన్నెలో పాలు తెచ్చింది. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తవారి చేతిలో పెట్టినట్టు నేను పెట్టాలట. గిన్నె చేతికివ్వగానే కియారా రెండు చేతులా అందుకుని గటగటా తాగేసింది. "గ్రాత్సియె" అని మూతి తుడుచుకుంది. సుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే సంతోషి తడి లేని చెయ్యి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

కాగితాలు పూర్తయ్యేదాకా వనస్థలిపురంలో గెస్ట్‌హౌస్‌లో ఉంటారు, పిల్ల వాళ్ళతోనే.

కారు దగ్గర సంతోషి ఆగింది. వెనక్కి వచ్చి "పోయొస్త అమ్మా" అంది. "రేపొస్త. నా దుప్పటి ఎవలకియ్యకు."

ఇయ్యనన్నాను.

అక్టోబర్ 14

ఫోన్ రాలేదు. రాకపోతేనే మంచిది. హాయిగా ఉన్నట్టు లెక్క.

అక్టోబర్ 15

మేడం పిలిచింది. రెండు రాత్రులు పిల్లకు కంటి మీద కునుకు లేదట. ఏడుస్తోందట, తినడం లేదట. కియారా ముట్టుకోబోతే కొరికిందట. "మేం ఈ పిల్లకు సరిపోమేమో" అని పావొలో అన్నాడట.

ఇక్కడ అబద్ధం రాసి ఏం లాభం. నా ప్రాణం లేచొచ్చింది. సంతోషంతో ఆఫీసు బయటికొచ్చాను. దాని దుప్పటి ఉతికి ఆరేశాను కూడా.

సుక్కమ్మ ఆ దుప్పటిని చూసింది, నన్ను చూసింది.

"రేణుక యాదున్నదానే?" అంది.

ఎందుకు లేదు? ఒక జంట తీసుకుపోయి, కుదరలేదని వారం తిరక్కుండా తెచ్చి వదిలేసిన పిల్ల. మమ్మల్ని ఏమీ అడగలేదు, ఏడవలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గర కూర్చునేది. వేరే హోమ్‌కు పంపేదాకా అలాగే కూర్చుంది. తర్వాత ఎవరు వచ్చి చూసినా తల ఎత్తి చూడలేదు.

"సంతోషి గట్ల గాదు. దానికి నేనున్న" అన్నాను.

"నువ్వెన్నొద్దులుంటవే? షుగర్ దానివి. దవాఖాన చుట్టు తిరిగేదానివి. నీ తర్వాత ఎవల చెవి వట్టుకుంటది అది?"

ఇన్నేళ్ళూ సుక్కమ్మ చూడలేదనుకున్నాను.

అక్టోబర్ 16

సాగర్ రోడ్డు బస్సెక్కి వనస్థలిపురం వెళ్ళాను. మేడమే పంపింది. "ఏదైనా తెలిస్తే వాళ్ళకు చెప్పు సునందా" అంది. సింధూరకు పరీక్ష, రాలేకపోయింది.

గెస్ట్‌హౌస్ గది తలుపు తీసేసరికి సంతోషి ఎదురుగా ఉంది. బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది. రేణుక లాగే. కళ్ళు లోతుకు పోయాయి, పెదాలు ఎండిపోయాయి.

"పోదాం దా అమ్మా" అంది.

దాన్ని ఎత్తుకున్నాను. తేలిగ్గా ఉంది. చేయి పట్టుకుని తీసుకొచ్చేస్తే అయిపోయేది. ఎవరూ అడ్డం లేరు. పావొలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కియారా నేల మీద కూర్చుని ఉంది, చెయ్యి మీద పంటి గాట్లు కనిపిస్తున్నాయి. నన్ను చూసి లేచి గబగబా ఏదేదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసి ఆగింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా అంది.

"ఓ పవూరా."

సింధూర పక్కన లేకుండా నాకు అర్థమైన మొదటి మాట అది. భయంగా ఉంది.

"అంకీఓ" అన్నాను.

ఆమె ఏడ్చేసింది. నేను ఏడవలేదు. ఏడిస్తే పని జరగదు. సంతోషి బ్యాగు తీసి పక్కన పెట్టాను. "పోదాం గని, ముందు జరసేపు పండుకుందాం బిడ్డా" అన్నాను. మంచం మీద దాన్ని కుడివైపు తిప్పి పడుకోబెట్టాను. నేను పడుకునే చోట కియారాను పడుకోమని చేత్తో చూపించాను. ఆమె బూట్లు కూడా విప్పకుండా పడుకుంది. పిల్ల వైపు తిప్పాను. ఆమె చెవులకు వెండి రింగులు. కుడి చెవి రింగు నేనే విప్పాను. అది బిగుసుకుని ఉండి ఆమెకు నొప్పి పెట్టినట్టుంది. అయినా కదలకుండా ఉంది.

"ఒరెక్క్యో" అన్నాను.

చెవి. స్టిక్కర్ అంటించేముందు చార్టు మీద చదివాను. ఒక్కసారే. మరిచిపోదామని ఎంత చూసినా మరుపు రాలేదు.

సంతోషి చెయ్యి తీసుకుని ఆమె చెవికి తగిలించాను. చటుక్కున లాగేసుకుంది.

"గిది నీది గాదు!"

"అవ్ బిడ్డా, నాది గాదు."

"నాకు నీదే కావాలె."

"నా చెవి నొస్తున్నది బిడ్డా. పుండైంది. గీ అమ్మ చెవి చూడు, మస్తు మెత్తగున్నది."

అమ్మ అన్నాను ఆమెను. నా నోటితో నేనే అన్నాను.

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. పుండు ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూసింది. జుట్టు ముందుకు లాక్కుని కుడి చెవి కప్పేసుకున్నాను. కుడిచేత్తో నా కొంగు పట్టుకుని, ఎడమ చెయ్యి మెల్లగా చాచింది. రెండు వేళ్ళు ఆ చెవి తమ్మె మీద పడ్డాయి. నలిపి చూసింది. మళ్ళీ నలిపింది. మూడు రాత్రుల నిద్ర కదా, అలాగే మూతలు పడిపోయాయి కళ్ళు. కియారా కన్నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి కారుతున్నాయి, తుడుచుకుంటే పిల్ల కదులుతుందేమోనని అలాగే వదిలేసింది. అప్పుడు నాకు తెలిసింది, ఈమె దగ్గర పిల్లకు లోటుండదని. ఆ తెలిసిన క్షణం ఎంత నొప్పి పెట్టిందో దేవుడికే తెలియాలి.

కొంగు పట్టు వదులయ్యేదాకా కూర్చున్నాను. తర్వాత ఒక్కో మడతా లాక్కుని లేచాను. పావొలో తలుపు తీశాడు, నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళ దగ్గర కూడా అలా చేస్తారేమో, నాకు తెలియదు.

పోయొస్త అని చెప్పకుండా వచ్చేశాను. ఎన్ని వందలసార్లు నేర్పానో ఆ పిల్లకు. వస్తానని ఎలా చెప్పను, వెళ్ళనని తెలిసి?

అక్టోబర్ 17

పిల్ల నిద్రపోయిందట. పొద్దెక్కేదాకా.

అక్టోబర్ 29

ఇవాళ వెళ్ళిపోయారు. పెరట్లో నిలబడ్డాను. విమానాలు పోతూనే ఉన్నాయి. ఏది అన్నది తెలియదు కాబట్టి ప్రతిదానికీ చెయ్యి ఊపాను. సుక్కమ్మ వచ్చి ఏమీ అనకుండా పక్కన నిలబడి తనూ ఊపింది.

నవంబర్ 2, ఆదివారం

సింధూర వచ్చింది. పిల్ల లేదు కదా, ఎందుకొచ్చావమ్మా అన్నాను.

"మీకు పాఠాలు మిగిలిపోయాయి కదా ఆంటీ" అంది.

జరిగిపోయినవి చెప్పడం నేర్చుకున్నాం. అవేవో. నాకు ఉండేది. అవేవో ఉనా కాజా, నాకొక ఇల్లు ఉండేది. అవేవో ఉన్ కానె, నాకొక కుక్క ఉండేది. ఇంకొకటి మీరే చెప్పండి అంది. నీళ్ళు తాగి వస్తానని లేచి వెళ్ళాను.

నవంబర్ 9

డబ్బాలోంచి కమ్మ తీశాను. ఇంకెందుకు దాయడం, పెట్టుకుందామనుకున్నాను. లోపలికి దిగలేదు. నూనె రాసి చూశాను, చీపురుపుల్లతో చూశాను. బజార్లో కంసాలి బుగ్గయ్య దగ్గరికి వెళ్ళాను.

"పూడిపోయింది అక్కా. మల్ల కుట్టాలె. ఒక్క నిమిషం పని" అన్నాడు.

సూది తీసేదాకా కూర్చున్నాను. తర్వాత "ఉండనియ్యి అన్నా" అని లేచి వచ్చేశాను.

మార్చి 1, ఆదివారం

ఇన్ని నెలల తర్వాత వీడియో కాల్. పిల్ల కుదురుకునేదాకా వద్దని మేడమే ఆపింది. మేడం, సింధూర, సుక్కమ్మ, నేను. పండక్కి కట్టుకునే చీర కట్టుకున్నాను.

సంతోషి జుట్టు భుజాల దాకా పెరిగింది. ముందు పళ్ళు రెండు ఊడాయి. బుగ్గలొచ్చాయి. వెనక పసుపు గోడ, ఒళ్ళో ముసలి కుక్క. పక్కన కియారా. ఎడమ చెవికి వెండి రింగు ఉంది. కుడి చెవి బోసిగా ఉంది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాను.

అది కియారా వైపు చూసింది, ఏమన్నానని అడుగుతున్నట్టు.

"సంతూ, తిన్నవానే?" అని సుక్కమ్మ వెనక నుంచి అరిచింది. సంతోషి నవ్వింది, ఇంటికొచ్చిన చుట్టాలను చూసి నవ్వినట్టు. "మమ్మా" అని కియారా చెవిలో ఏదో అడిగింది. కియారా తల అడ్డంగా ఊపి నా వైపు చూపించింది, నువ్వే మాట్లాడు అన్నట్టు.

అది ఫోన్ దగ్గరికి జరిగింది. నా ముఖమంతా వెతికింది. నా చెవి దగ్గర దాని చూపు ఆగింది. ఆగిందనే నేను అనుకుంటున్నాను. ఏదో గుర్తుకొస్తున్నట్టు నుదురు ముడిచింది. దానికి నన్ను పిలవడానికి ఒక్క మాటే తెలుసు. ఆ మాట ఇప్పుడు పక్కన కూర్చున్న ఆమెది. మేడం చెప్పినట్టు వేరే పిలుపు నేర్పి ఉంటే, ఇవాళ పిలవడానికి ఏదో ఒకటి ఉండేది దానికి.

తల పక్కకు వంచి, మర్యాదగా, సింధూర మొదటి రోజు నేర్పినట్టే అడిగింది.

"కోమె తి క్యామి?"

కియారా చేత్తో నోరు మూసుకుంది. సింధూర నా మోచెయ్యి పట్టుకుంది. మేడం తల తిప్పేసుకుంది. సుక్కమ్మకు అర్థం కాలేదు, "ఏమంటున్నదే, ఏమంటున్నదే?" అని అడుగుతూనే ఉంది.

నీ పేరేమిటన్న ఆ ప్రశ్నకు మొదటి రోజు సంతోషి నాకు నేర్పిన జవాబు ఒకటుంది. నాలుక చివరి దాకా వచ్చింది.

"మీ క్యామో సునంద" అన్నాను.

ఒక్క తప్పు లేకుండా వచ్చింది.